తడక కింద బయలు

1956 జూన్ పదకొండో తేదీ, సోమవారం. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైనా గువ్వలంకలో చినుకు పడలేదు. తెల్లవారుతూండగా పడమటి గాలి కాసేపు వీచి ఆగిపోయింది. పొద్దెక్కేసరికి గౌతమి పాయ నూనె పోసినట్టు కదలకుండా నిలిచింది. తూర్పున సముద్రం వైపు చిన్న మేఘం ఒకటి ఆరవేసిన గుడ్డలా వేలాడుతూ ఉంది, రాలేదు, పోలేదు. ఇంత వివరం ఇన్నేళ్ళు నిలిచి ఉండడానికి కారణం సోమలింగాచారిగారి అలవాటు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన ముందు "ఇవాళ తారీఖెంత? గాలి ఎటు?" అనేవారు. అడిగినవాడు ఆ రెండూ పాక గుంజకు వేలాడదీసిన నోటుబుక్కులో రాసి, వాటి కింద తన ప్రశ్న రాయాలి. గాలి ఎటో చూసి వస్తామని బయటికి వెళ్ళిన వాళ్ళలో సగం మంది అటునుంచి అటే ఇంటికి పోయేవారు. ఆచారిగారు వాళ్ళను తప్పు పట్టేవారు కాదు. "వాళ్ళకు జవాబు దొరికింది" అనేవారు.

ఆచారిగారు వడ్రంగి, పడవలు కట్టిన చెయ్యి. అచల బోధ చెప్పే గురువు కూడా. కదిలేదంతా పోయేదే, కదలనిది ఒక్కటే ఉంది, దాని పేరు బయలు అని ఆ బోధ సారం. కాలేజీల్లో తత్త్వశాస్త్రం చదువుకున్నవాళ్ళు దీన్ని శూన్యమనాలో పూర్ణమనాలో తేలక ఒక జీవితకాలం వాదించుకోగలరు. గోదావరి లంకల్లో కల్లు గీసేవాళ్ళూ, పడవ నడిపేవాళ్ళూ మాత్రం ఆ మాటను గొడ్లను తోలుకుపోయే బయలును గురించి అన్నంత మామూలుగా అనేవారు. ఆచారిగారి పాకలో సగం చెక్కపొట్టు, సగం శిష్యులు. కూర్చోవడానికి చోటు కావాలంటే రెండింటిలో ఏదో ఒకటి జరపాలి.

ఆ సోమవారం నోటుబుక్కు అందుకున్నవాడు మల్లాడి ధర్మారాయుడు. వయసు నలభై నాలుగు. రంగూన్‌లో పడవల మరమ్మతు కార్ఖానాలో పదకొండేళ్ళు పనిచేసి, యుద్ధం మీద పడ్డాక కొండలూ అడవులూ నడిచి, 1942 శ్రావణంలో ఒంటి మీది గుడ్డతో లంకకు తిరిగి వచ్చాడు. వెళ్ళేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒక్కడు. భార్య నూకరత్నం దారిలో పోయింది. ఎక్కడ పోయిందో, ఎలా పోయిందో ఆ పద్నాలుగేళ్ళలో అతను ఎవరికీ చెప్పలేదు. కంట తడి పెట్టగా చూసినవాళ్ళు కూడా లేరు. నూకరత్నం తల్లి సూరమ్మ అతనికి మేనత్త; ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. అన్నం వడ్డిస్తూ, పిడకలు కొడుతూ, దీపం వత్తి సవరిస్తూ ఆమె కూతురి మాట తెచ్చేది. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అదే ప్రశ్న దగ్గరికి వచ్చేది: "ఎలా పోయిందిరా నా పిల్ల?"

ఆ ఏడాది ఉగాది నాడు రాయుడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "ఇంకొక్కసారి ఈ ఇంట్లో దాని పేరు ఎత్తావంటే నిన్ను తీసుకెళ్ళి యానాంలో నీ మరిది ఇంట దింపి వస్తాను అత్తా" అన్నాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. అయినా ఇల్లు తేలిక పడలేదు. ఆమె అడిగినప్పటి ప్రశ్న కంటె అడగనప్పటి ప్రశ్నే అతనికి ఎక్కువగా వినబడసాగింది.

అందుకని అతను రాసిన ప్రశ్న ఇది: "తడి తగలకుండా బతకడం ఎలాగ?"

తడి అన్న మాట తెలుగులో రెండు కొలువులు చేస్తుంది. చొక్కాకు అంటేదీ తడే, గుండెకు అంటేదీ తడే. మొదటిదాన్ని తీగ మీద ఆరేసుకుంటాం. రెండోదాన్ని ఎక్కడ ఆరెయ్యాలో ఎవరూ చెప్పరు. ఆచారిగారు పొన్నకర్ర చెక్కుతున్న బాడిస ఆపి అడిగారు: "చొక్కాకా, లోపలికా?"

"లోపలికేనండి. మీరు ఊఁ అంటే అత్తను యానాం పంపించేస్తాను. ఆవిడ కళ్ళ ముందు ఉన్నంతకాలం నాకు ఆరేది లేదండి."

గురువుగారు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆయన ఏదో అనేలోగా పాక బయట పెద్ద కేక వినబడింది. రేవు పడవ నడిపే బుల్లియ్య కుంటుతూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఎడమ కాలు మోకాలి దాకా గీరుకుపోయి ఉంది.

"పడవ నన్ను మింగేసిందండీ గురువుగారూ! ఇరవయ్యేళ్ళు దానికి కూడూ నీళ్ళూ నేను పెడితే, చివరికి నా కాలే నమిలింది."

అడుగు పలక పుచ్చి కాలు దిగబడిందన్నమాట. ఆ లంకకు ఉన్నది ఆ ఒక్క పడవే. ఆసుపత్రి అవతలి ఒడ్డున, సంత అవతలి ఒడ్డున, కాటి నేల కూడా అవతలి ఒడ్డునే. ఆ పడవ అడుగున మనుషులు కూర్చునే చోట ఎప్పుడో పరిచిన మద్ది పలకలు నీళ్ళు తాగి తాగి రాతి బండల్లా బరువెక్కాయి. వాటి బరువుకే పడవ సగం మునిగి నడుస్తోంది. "వరద ఇంకో నెల రోజుల్లో వచ్చేస్తుందండి" అన్నాడు బుల్లియ్య. "ఈ అడుగుతో పది మందిని కూడా ఎక్కించలేను. ఆయ్, ఎక్కిస్తే పది మందినీ దింపలేను."

ఆచారిగారు రాయుడి వైపు తిరిగారు. "రంగూన్ పనివాడివి. దానికి తేలికైన అడుగు వెయ్యి. తడి తగలకుండా వెయ్యి. అది నిలబడితే అత్తను పంపించు."

రాయుడికి పని అంటే ఏమిటో తెలుసు. పాత పలకలన్నీ పీకేశాడు. పడవ పొట్టకు లోపల పక్కటెముకల్లా బిగించిన అడ్డకర్రలు బయటపడ్డాయి, పదకొండు. ఒక్కొక్క అడ్డకర్రకూ మధ్య జానెడు లోతు సందు. ఆ సందులను అతను జీలుగు బెండుతో నింపాడు. జీలుగు తెలియనివాళ్ళుండరు, గుంటల్లో, బోదెల్లో మొలిచే మొక్క, తొక్క తీస్తే లోపల తెల్లటి బెండు. పెళ్ళిలో నుదుట కట్టే బాసికాలు దానితోనే చేస్తారు, వలలకు తేలడానికి కట్టేదీ అదే. మోపెడు బెండు మోసినా భుజానికి తెలియదు. వారం రోజులు ఆడవాళ్ళు కోసి తెచ్చారు. సూరమ్మ కూడా తెచ్చింది. రాయుడు బెండును కట్టలు కట్టి సందుల్లో కూరి, మీద గుగ్గిలం, నూనె కలిపి కాచి పోశాడు. దాని మీద పలుచటి మామిడి పలకలు అంచుకు అంచు ఆనించి, చీలలు కొట్టి, అంచుల్లో పత్తి దూర్చి, పైన రెండు పూతలు తారు పూశాడు. ఆఖరి రోజున గుండుసూది తెచ్చి పలకల మధ్య ఎక్కడైనా దూరుతుందేమోనని మూల మూలా పొడిచి చూశాడు. దూరలేదు.

పడవను నీళ్ళలోకి తోస్తే బెత్తెడు పైకి తేలింది. తేలిక అన్న మాట తేలడంలోంచే పుట్టిందని చదువుకున్నవాళ్ళు పుస్తకంలో చూసి తెలుసుకుంటారు. ఆ రోజు లంకలోని వాళ్ళంతా రేవులో కళ్ళారా చూశారు. నల్లటి అడుగు నిగనిగలాడుతోంది. బుల్లియ్య దాని మీద చెంబెడు నీళ్ళు పోసి, అవి ముత్యాల్లా దొర్లి పోతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. "దీని మీద కూచోవాలంటే కాళ్ళు కడుక్కోవాలండోయ్" అన్నాడు.

ఆచారిగారికి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి వచ్చాడని తెలిసేది, ఎవరో తెలిసేది కాదు. ఆయన చెప్పులు విడిచి పడవ ఎక్కి, ఈ కొసనుంచి ఆ కొసదాకా అరికాళ్ళతో చూసుకుంటూ నడిచారు.

"నీళ్ళు తోడే చోటేదిరా?"

"తోడక్కర్లేదండి. రావు."

"రావా?"

"రావండి."

ఆయన పడవ దిగి, నడుం లోతు నీళ్ళలో నిలబడి, పడవ చెక్క మీద నీటి అంచు తగిలిన చోట ఉలితో గీత గీశారు. "బుల్లీ, వారానికోసారి ఖాళీ పడవ కట్టేసి ఈ గీత ఎక్కడుందో చూసి నాకు చెప్పు. గీత మునిగితే ఎక్కే జనాన్ని తగ్గించు." తరువాత రాయుడితో "గీత నిలబడనీ" అన్నారు.

వరద వచ్చింది. గౌతమి ఎర్రమట్టి రంగు తిరిగి, దుంగల్నీ, పశువుల్నీ మోసుకుంటూ లంక రెండు పక్కలా ఒరుసుకుపోయింది. అంత వరదలోనూ పడవ దూదిలా నడిచింది. ఒకసారి పురిటి నొప్పులు వస్తున్న మనిషిని మంచంతో సహా ఎక్కించి దాటించారు. రాయుడు రేవులో నిలబడి చూసి, ఇంటికి వెళ్ళి కడుపునిండా తిన్నాడు. శ్రావణమంతా గీత నీటి అంచునే ఉంది. భాద్రపదంలో బుల్లియ్య వచ్చి "వేలెడు మునిగిందండి" అన్నాడు. రాయుడు పరుగెత్తుకు వెళ్ళి చూశాడు. లోపల అద్దంలా పొడిగా ఉంది. వెలుపల చెక్కల అతుకులన్నీ మళ్ళీ పత్తి దూర్చి బిగించాడు. దసరాకు రెండు వేళ్ళు మునిగింది. లోపల చుక్క లేదు. ఇరవై మంది ఎక్కే పడవలో పదహారుగురు, తరువాత పన్నెండుగురు.

వస్తువు నీళ్ళలో ఎంత బరువు కోల్పోతుందో, ఎందుకు కోల్పోతుందో కాలేజీలో రాజమండ్రి ఎండల్లో వల్లె వేసినవాళ్ళకు కూడా ఇది వింతగానే ఉంటుంది. ఖాళీ పడవ. పొడి పడవ. పూట పూటకూ బరువెక్కుతోంది. లంకలో రకరకాల మాటలు పుట్టాయి. బుల్లియ్య మాత్రం ఒక్కటే మాట అనేవాడు: "మన కళ్ళకు కనబడని మనిషి ఎవరో ఎక్కి కూచున్నారండి. రేవు వచ్చినా దిగట్లేదు."

రాయుడు ఆ మాటకు నవ్వలేకపోయాడు.

కార్తీకం వచ్చిన వారానికి, వరద పూర్తిగా తీశాక, ఆచారిగారు పడవను ఇసుక మీదికి లాగించమన్నారు. పదిమంది లాగవలసిన పడవను ఇరవై మంది లాగారు. ఆయన పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీద వంగి, చెవి పలకకు ఆనించి, వేలి కణుపుతో కొట్టుకుంటూ పడవ పొడుగునా పాకారు, వైద్యుడు రోగి వీపు తట్టి చూసినట్టు. మొదట టకటకమంది. నడుమకు వచ్చేసరికి ఆ చప్పుడు కాస్త మందగించింది. వెనక కొస నుంచి మూడో అడ్డకర్ర మీదికి వచ్చాక అసలు చప్పుడే లేదు. పరుపు మీద కొట్టినట్టుంది. అక్కడ ఆయన చాలాసేపు చెవి ఎత్తలేదు.

"ఇక్కడ విప్పు" అన్నారు.

రాయుడు ఉలి దూర్చి తను కొట్టిన చీలలు తనే పీకాడు. పలక లేచింది.

ముందు వాసన వచ్చింది, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన ఇంటి తలుపు తెరిచినప్పటి వాసన. తరువాత తెలుపు కనబడింది. ఎండ ఎరగని ఆ చోట, తడిసి పెరుగులా మెత్తబడిన బెండు మీద, ఒక మనిషి బాసింపట్టు వేసుకు కూచుంటే ఎంత మేర పడుతుందో సరిగ్గా అంత మేర, పుట్టగొడుగులు మొలిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ మల్లెమొగ్గంత. కాడలు దారాల కంటె సన్నం. వందలు, వందలు, అన్నీ పైకి, మూసిన పలక వైపు తలలెత్తి నిలబడి ఉన్నాయి. పలక లేచేసరికి లోపలికి వెళ్ళిన గాలికి అవన్నీ ఒక్కసారి, ఒకే పక్కకి, తల ఊపాయి.

బుల్లియ్య తన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. గోదారి మీద పుట్టి, తుఫాన్లూ, ముంపులూ చూసి, శవాలను దాటించిన మనిషి. మొగ్గంత పుట్టగొడుగుల ముందు చేతులు కట్టుకున్నాడు.

ఆచారిగారు అరచెయ్యి చాపి, ఒక్క కాడ కూడా విరగకుండా వాటి తలల మీద నిమిరారు. "ఈ చోట ఎవరు కూచుంటారు బుల్లీ?"

బుల్లియ్య రాయుడి వైపు చూసి తల దించుకున్నాడు. "చెప్పకూడదనుకున్నానండి. సూరమ్మ పెద్దమ్మండి. రోజూ తెల్లారకట్ట రేవులో మునిగి, తడి చీరతోనే వచ్చి కట్టేసిన పడవలో కూచుంటదండి. అరగంట కూచుంటది. మాట్లాడుకుంటది."

"ఎవరితో?"

"వాళ్ళమ్మాయితోనండి. 'ఇంట్లో నీ పేరు ఎత్తకూడదంటనే, అందుకని ఇక్కడికొచ్చాను' అంటదండి. ఆ తరువాత నేను వినలేదు. వినబుద్ధి కాలేదు, అటు పోయి పడవ తోసే గెడ కడుక్కునేవాణ్ణి."

రాయుడు మూడో అడ్డకర్ర మీద బొటనవేలు పెట్టాడు. గోరు అందులోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. ఉగాది నుంచి తన ఇంట్లో వినబడని మాట ఎక్కడికి పోయిందో అతనికి అప్పుడు కనబడింది. పనివాడికి తెలిసిన మాటే అడిగాడు. "సూది దూరనివ్వలేదండి నేను. ఎలా వచ్చింది?"

"పడవన్నాక పొట్టలో చెమ్మ ఊరుతూనే ఉంటుంది. పైన కూచున్న మనిషి బరువుకు తారు వెంట్రుకవాసి పగులుతుంది. నువ్వు వచ్చే దారి మూశాననుకున్నావు. అది అప్పటికే లోపల ఉంది. నువ్వు మూసింది పోయే దారి."

ఆ తరువాత పదిహేను రోజుల పనినీ ఆచారిగారు పక్కన కూచుని చేయించారు. బెండు మొత్తం తీయించి ఇసుక మీద ఆరబోయించారు. పుచ్చిన అడ్డకర్ర మార్పించారు. ప్రతి అడ్డకర్రకూ కింద, పడవ పొట్టకు ఆనే చోట, బొటనవేలు పట్టేంత గాడి కొట్టించారు, ఎక్కడ పడిన నీరైనా అలా జారి నడుమకు చేరడానికి. అడ్డకర్రలకు వేపనూనె కాచి పట్టించారు, తారు ముట్టనివ్వలేదు. పైన పలకలు వద్దన్నారు. వెదురు బద్దలు చీల్చి, నునుపు చేసి, పొగ పట్టించి, బద్దకూ బద్దకూ మధ్య వేలెడు సందుతో కొబ్బరి తాడు అల్లి తడకలు కట్టించారు. ఒక్క చేత్తో ఎత్తి ఎండలో వేసుకోగల తడకలు. మిగిలిన మంచి బెండును మాత్రం దండలు గుచ్చినట్టు ఎడం ఎడంగా గుచ్చి రెండు కొసల్లో కట్టించారు. నడుమ, సరిగ్గా చాటంత చోట, తడక కూడా లేకుండా వదిలేయమన్నారు. అక్కడ ఒక కొబ్బరిచిప్ప పెట్టమన్నారు.

"ఇప్పుడు నీళ్ళు వస్తాయి కదండీ" అన్నాడు రాయుడు.

"వస్తాయి."

"మరి?"

"పోతాయి."

రాయుడు తడక కిందికి చూశాడు. జానెడు లోతున ఏమీ లేదు. ఇరవై రోజులు చెమటోడ్చి బెండు కూరిన చోట, ఇప్పుడు గాలి ఈ కొసనుంచి ఆ కొసకు పోతోంది. "ఇంత చోటు ఊరికే ఖాళీగా ఉండిపోయిందండి" అన్నాడు, పనివాడి దిగులుతో.

"దాన్ని బయలు అంటారు" అన్నారు ఆచారిగారు. "పన్నెండేళ్ళుగా పాకలో కూచుని వింటున్నావు కదరా. అది లేకపోతే పడవ ఎలా బయలుదేరుతుంది?"

పడవ నీళ్ళలో పడ్డాక ఉలి గీత మళ్ళీ నీటికి పైన తేలింది. అత్తను యానాం పంపే సంగతి గురువుగారు అడగలేదు, శిష్యుడు ఎత్తలేదు. మర్నాడు తెల్లారకట్ట రాయుడు రేవుకు వెళ్ళాడు. నీళ్ళ మీద పొగలా మంచు లేస్తోంది. సూరమ్మ అప్పటికే వెనక కొస దగ్గర తన చోట కూచుని ఉంది. తడి చీర ఒంటికి అంటుకుపోయి, మనిషి పిడికెడయింది. అడుగుల చప్పుడు విని మాట ఆపేసింది.

"ఎవరూ?"

"నేనే అత్తా."

"లేస్తున్నాలేరా. పడవ ఇక ముట్టుకోను, పాడైపోయిందంటగా నా మూలంగా."

"కూచో."

అతను ఎక్కి ఎదురుగా కూచున్నాడు. ఆమె చీర చెంగు నుంచి కారిన నీళ్ళు బద్దల సందుల్లోంచి అడుక్కి పడుతున్నాయి. టప్. కాస్త ఆగి మళ్ళీ టప్. తారు అడుగు మీద ఆ చప్పుడు ఉండేది కాదు. రాయుడు పాతిక బొట్ల దాకా విన్నాడు. ఆ తరువాత, ఎవరో అడిగినట్టు, చెప్పడం మొదలుపెట్టాడు.

"కొండదారిలో విరేచనాలు పట్టుకున్నాయి అత్తా. రెండు రోజులు మోశాను. మూడో రోజు పొద్దున్నే, నీళ్ళు తెమ్మని నన్ను పంపింది. తెచ్చేసరికి పోయింది."

సూరమ్మ కదల్లేదు. "వానలా?"

"వానలే. ఆగకుండా."

"నా పిల్ల మీద వాన పడిందా?"

"పడనివ్వలేదత్తా. తారు పూసిన గుడ్డ ఒకటి ఉంది నా దగ్గర, కార్ఖానాది. దాంట్లో చుట్టాను. అంచులన్నీ మడిచి, నాలుగు పక్కలా రాళ్ళు పెట్టాను. చుక్క దూరదు. పాదాల నుంచి మొహం దాకా."

"మొహం కూడానా?"

"మొహం కూడా."

ఆమె పడవ అంచు పట్టుకుని కొంతసేపు నీళ్ళ వైపు చూసింది. తరువాత, కోపం లేకుండా, ఇంట్లో కూర మాడిందని చెప్పినంత మామూలుగా అంది. "పిచ్చి సన్నాసీ. అది మొహం మీద దుప్పటి పడనిచ్చేదిరా? మాఘమాసం చలిలో కూడా ముక్కు బయట పెట్టుకుని పడుకునేది. కప్పబోతే, ఊపిరాడట్లేదే అమ్మా అని తన్నేది నన్ను."

"తన్నేది" అన్నాడు రాయుడు. "నన్ను కూడా తన్నేదత్తా."

సూరమ్మకు నవ్వు వచ్చింది. అతనికీ వచ్చింది. అతని నవ్వు సగం దూరం వచ్చి ఎక్కడో తట్టుకుంది. ఒళ్ళు రెండుగా వంగిపోయింది. పద్నాలుగేళ్ళ కిందట బర్మా కొండల్లో నాలుగు పక్కలా పెట్టి వచ్చిన రాళ్ళు ఒక్కొక్కటే దొర్లినట్టు, అతని లోపలినుంచి చప్పుడు వచ్చింది. సూరమ్మ తడి చెయ్యి అతని తల మీద వేసింది. తియ్యలేదు. బుల్లియ్య గట్టు మీదికి వచ్చినవాడు అది చూసి, కడిగిన గెడనే మళ్ళీ కడగడానికి వెళ్ళిపోయాడు.

మంచు విడిపోయాక రాయుడు లేచి, నడుమ వదిలిన చోట వంగి, అడుగున చేరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో తోడి పోశాడు. మూడు చిప్పలైంది. ఆ రోజు నుంచి ఆ పని అతనిదే అయింది.

ఆచారిగారు ఇంకో నాలుగేళ్ళు ఉన్నారు. 1961 జనవరి పందొమ్మిదో తేదీ, గురువారం నాడు, మంచం మీద నుంచే "ఇవాళ తారీఖెంత? గాలి ఎటు?" అని అడిగారు. తారీఖు చెప్పారు, ఉత్తరపు గాలి, పొగమంచు, అవతలి ఒడ్డు కనబడడం లేదని చెప్పారు. ఆయన తల ఊపి, తనవంటూ ఉన్న నాలుగు వస్తువులనూ పంచడం మొదలుపెట్టారు. బాడిస, ఉలులు తమ్ముడి మనవడికి. నోటుబుక్కు తాళ్ళరేవు నుంచి వచ్చే శిష్యుడికి. అందులో రాయుడి ప్రశ్న కింద జవాబు రాయవలసిన చోటు అప్పటికీ తెల్లగానే ఉంది. మంచం, తను వెళ్ళిపోయిన మర్నాడు, బుల్లియ్యకు, "నడుం నొప్పి వాడిది." గొడుగు సూరమ్మకు, "వానలో కూడా వచ్చి కూచుంటుంది, చెబితే వినదు."

ఇక ఏమీ మిగల్లేదు. రాయుడు మంచం కాళ్ళ వైపు కూచుని ఉన్నాడు. పదహారేళ్ళు చెప్పింది వినీ, నాలుగేళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించీ, ఆయన పళ్ళెంలో ముద్ద కలిపి పెట్టిన మనిషి. అందరూ అతని వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఊరుకోలేనివాడు బుల్లియ్య. "గురువుగారూ, మరి రాయుడికో?"

"రాయుడికి ఏమీ లేదు."

బుల్లియ్య తల దించుకున్నాడు. రాయుడు మాత్రం రెండు చేతులూ చాపి, ఏదో అందుకున్నవాడిలా కళ్ళకద్దుకున్నాడు. ఆ చేతుల కదలిక శుక్లాల చాటున ఆయనకు ఎలా తెలిసిందో, ఎండిన పెదవుల మీద నవ్వు కదిలింది.

"వాడికి చెప్పక్కర్లేదు" అన్నారు. "ఆ ఏమీ లేనిదాని మీద తడక పరుచుకుని కూచోవడం వాడికి తెలుసు."